మెడికల్ నెల

మా ఆయన ఉర్లాలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవారు. పెళ్లయి నేను శ్రీకాకుళం నుంచి ఆ పక్కనే ఉన్న బీర్‌గావ్ వచ్చేసరికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడింది, ఆయన సన్నగా రివటలా ఉండేవారు. పదేళ్లు తిరిగేసరికి ఆయన బెల్టు చివర మేకుతో కొత్త కన్నాలు నేనే పొడిచాను. చుట్టుపక్కల వాళ్లు సేఠ్‌జీ అని ఆటపట్టిస్తే ఆయన మురిసిపోయేవారు. నేను అంతకన్నా మురిసిపోయేదాన్ని. నా చేతివంట మరి!

ఏటా చలికాలంలో ఫ్యాక్టరీలో మెడికల్ ఉంటుంది. రక్తం తీస్తారు. అన్‌ఫిట్ అని రాస్తే క్రేన్ మీంచి దించేసి కింద ఊడ్చే పనిలో పెడతారు. ఒక ఏడు కొలెస్ట్రాల్ ఎక్కువుందని కంపెనీ డాక్టరు మాత్రలు రాసి, నెల తర్వాత మళ్లీ రమ్మన్నారు. నెలంతా మింగారు. రిపోర్టు నార్మల్ వచ్చింది.

"పాసైపోయాం, ఇంకేటి! మాత్రలు ఆపీండి. కిడ్నీలు పాడైపోతాయంట" అన్నాను.

"ఆపేస్తే మళ్లీ పెరుగుద్దేమోనే."

"పెరిగితే వచ్చే ఏడు చూసుకుందాం. టెన్షన్ మత్ లో."

ఆ ఆదివారం కొవ్వు ముక్కలు ఏరి మరీ తెప్పించి మటన్ వండాను.

అప్పట్నించి అదే మా పద్ధతి. క్రేన్ వాళ్ల ఇళ్లన్నింటిలోనూ అదే. మెడికల్ నెల వస్తే నూనె లేని పప్పు, రోజుకో మాత్ర. మిగిలిన పదకొండు నెలలు మా ఇష్టం. రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకున్నాను. అన్నీ నార్మలే. ఆయన మెట్లెక్కుతూ ఆయాసపడితే వయసు అనుకున్నాను. ఫైలు ఉండగా భయమెందుకనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకెవరైనా ఉంటారా?

ఒక రోజు పొద్దుటి షిఫ్టులో క్రేన్ దిగుతూ నిచ్చెన సగంలో ఆగిపోయారు. గుండెపోటు. తోటివాళ్లు మోసుకుని దించారు. ఆసుపత్రికి పరిగెడుతూ కూడా నేను ఫైలు మర్చిపోలేదు.

డాక్టరు చిన్నవాడే. మంచం పక్కన నిలబడి ఒక్కో కాగితమే తిప్పాడు.

"అన్నీ ఏటా ఒకే నెలవి. మధ్యలో ఎప్పుడూ చేయించలేదా?" అని హిందీలో అడిగాడు.

లేదన్నాను. మాత్రలు మెడికల్ నెలలోనే వేసుకునేవారని కూడా చెప్పాను. అతను ఫైలు మూసేశాడు.

"మాత్ర ఆపిన కొన్ని వారాలకే మళ్లీ పెరుగుతుందమ్మా. ఇంత బరువున్న మనిషికి ఇన్నేళ్లుగా రక్తనాళాల్లో కొవ్వు పేరుకుపోయింది. అసలు ఆపమన్నదెవరు?"

"కంపెనీ డాక్టరే" అన్నాను.

ఆయన మెలకువగానే ఉన్నారని అప్పుడు చూశాను. ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని నావైపే చూస్తున్నారు. డాక్టరు ఆయన మీదికి వంగి, నిజమేనా అని అడిగాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, అవునని తలూపారు.

మూడో రోజు పోయారు. ఆ మధ్యలో మాట్లాడే ఓపిక రాలేదు. నా కోసం ఆయన చేసిన ఆఖరి పని ఆ అబద్ధానికి తలూపడమే.