స్టెప్పు కలవకూడని నడక

మిలట్రీ బ్యాండంటే మా నరసరావుపేటలో అందరికీ వేళాకోళమే. పెళ్లిళ్ల మేళం మానేసి అంత దూరం పోయి మళ్లీ అదే ఊదుతున్నావా అని మా బాబాయే ఎగతాళి చేసేవాడు. నాకు ఒళ్లు మండేది. యుద్ధమొస్తే మా క్లారినెట్లు పెట్టెల్లో పెట్టి తాళం వేస్తారనీ, చేతికి స్ట్రెచర్ ఇస్తారనీ, దెబ్బ తగిలినోళ్లను మోసుకొచ్చే పని మాదేననీ ఎన్నిసార్లు చెప్పినా ఒక్కడికీ బుర్రకెక్కదు. చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

స్ట్రెచర్ మోయడానికి ఒక పద్ధతుంది. మోసే నలుగురూ ఒకే అడుగు వేయకూడదు. అడుగులు కలిస్తే స్ట్రెచర్ ఊగుద్ది, పైనున్నోడి విరిగిన ఎముకలు కదులుతాయి. ఎవడి అడుగు వాడిదిగా నడవాలి. ఇది నేర్పిన హవల్దారు మమ్మల్ని చూసి తల పట్టుకునేవాడు. ఏళ్ల తరబడి లెఫ్ట్ రైట్ కలిపి నడిచిన బ్యాండోళ్లం, విడివిడిగా మొదలుపెట్టినా నాలుగడుగులకే కలిసిపోయేవాళ్లం. అప్పుడు పగలబడి నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

స్ట్రెచర్లిచ్చి మమ్మల్ని సరిహద్దుకు పంపాక, ఒక పొద్దున మా పోస్టు మీద ఫిరంగి గుళ్ల షెల్లింగ్ మొదలైంది. దెబ్బ తగిలింది మావాడికే. మా అడుగులకి తాళమిచ్చే పెద్ద బాస్ డ్రమ్ము వాయించేవాడు, మాచర్ల మనిషి, నాతోపాటే చేరినవాడు. మోకాలి కింద ఎముక విరిగిపోయింది. కట్టు కట్టి, స్ట్రెచర్ మీదేసి, నలుగురం ఎత్తాం. అంబులెన్స్ ఉన్నచోటికి కిలోమీటరు పైనే, అంతా కొండదారి.

వెనకాల ఇంకో షెల్ పడింది. భయమేసింది, దాచడమెందుకు. ఆ భయంలో మా కాళ్లు వాటంతటవే కలిసిపోయినై. వాడు కేకలు పెడుతుంటే షెల్లుకు జడిసి అరుస్తున్నాడనుకున్నా, ఛీ. మలుపు దగ్గర వెనక్కి చూస్తే కట్టంతా నెత్తురు. కిందికి చూస్తే నాలుగు ఎడమ కాళ్లూ ఒక్కసారే లేస్తున్నై.

స్టెప్పు తప్పండ్రా అని అరిచాను. రెండడుగులు తప్పి మళ్లీ కలిసినై. పిచ్చెక్కిపోయింది. చివరికి, ఎవడి పాట వాడు పాడండి, పక్కోడిది వినొద్దు అన్నాను. నేను అప్పగింతలప్పుడు వాయించే పాట ఎత్తుకున్నా. ఒకడు భజన, ఒకడు జోలపాట, ఇంకొకడు ఏదో సినిమా డ్యూయెట్. నాలుగు పాటలు, నాలుగు తాళాలు, వినలేని రభస. అడుగులు విడిపోయినై, స్ట్రెచర్ కుదురుకుంది. తాళం కాస్త తప్పితే బూతులు తిట్టే మా డ్రమ్మువాడు ఆ రభసకి కూడా నోరెత్తకపోయేసరికి, ఊపిరాడుతోందా అని వెనక్కి తిరిగి చూశాను.

మనిషి బతికాడు. కాలు తీసేశారు. విరిగిన ఎముక దారిలో కదిలి నెత్తురు నరం కోసేసిందనీ, లేకుంటే కాలు దక్కేదేమోననీ డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట మిగతా ముగ్గురికీ చెప్పలేదు. వాడికైతే అసలే చెప్పలేకపోయాను.

సెలవు దొరకగానే మాచర్ల పోయాను. వాడి భార్య, మా ఆయన్ని బతికించి తెచ్చావన్నయ్యా అని కళ్లనీళ్లు పెట్టుకుని అన్నం వడ్డించింది. ఆమె లోపలికి పోయాక చెప్పేద్దామని నోరు తెరిచాను. ఈలోపు వాడే అన్నాడు.

"నాకు తెలుసురా. మలుపుదాకా మీరు స్టెప్పులోనే నడిచారు. మీ లెఫ్ట్ పడ్డప్పుడల్లా నాకు ప్రాణం పోయింది."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా అని గొణిగాను.

"చెబుదామనే అనుకున్నా. మీరు నలుగురూ వణికిపోతున్నారు. ఆ స్టెప్పే మిమ్మల్ని పట్టి ఉంచింది, అది విడిపోతే నన్ను అక్కడే దించేసి తలోదిక్కూ పారిపోతారేమోనని భయమేసింది."

అని, గిన్నె దగ్గరికి లాక్కుని నా కంచంలో చారు పోశాడు.