మంగాదేవి అడిగిన గట్టు

బడ్జ్ బడ్జ్‌లో జనపనార మిల్లు వెనక, కూలీల ఇళ్ళ లైన్లని ఆనుకుని ఒక చిన్న కాలవ హుగ్లీ నదిలోకి పోతుంది. మంగాదేవి పలాస నుంచి కాపరానికొచ్చేనాటికి దాని గట్టు కంటికి ఆనేది కాదు. అంతా తుంగ, మొగలిపొదలు, నీళ్ళ మీదికి వంగిన చెట్లు. ఆమె అక్కడే తూటికూర కోసి బజారులో అమ్మేది. భర్త వెంకటేశు షిఫ్టు దిగి గాలం వేస్తే పులుసుకి సరిపడా పరిగెలు పడేవి.

ఒక వర్షాకాలం కోడలు రమాకుమారి గుమ్మం దాటబోతుంటే పాము ఒకటి ఆమె కాలి మీదుగా పాకిపోయింది. కరవలేదు గాని, కడుపుతో ఉన్న పిల్ల జడుసుకుని జ్వరం తెచ్చుకుంది. మంగాదేవి లైన్ల ఆడవాళ్ళని వెంటేసుకుని వార్డు ఆఫీసుకెళ్ళింది.

"దాదా, ఆ పొదలు కొట్టించేయండి. గట్టుకి సిమెంటు గోడ కట్టించేయండి," అంది అక్కడి గుమాస్తాతో.

"నీడ పోతాదేమోనే," అన్నాడు వెంకటేశు ఆ రాత్రి ఇంట్లో.

"నీకు చేపలు కావాలా, కోడలు కావాలా?"

అతను గాలం చుట్టి చూరులో దోపేశాడు.

ఎన్నికల ముందు పని అయిపోయింది. ఆ చలికాలం అందరూ గోడ మీద బట్టలారేసుకుని ఆమెని మెచ్చుకున్నారు. ఎండలు ముదిరాక నీళ్ళు కాగి, నాచు పట్టి కంపు కొట్టాయి. పరిగెలు వెల్లకిలా తేలాయి. తూటికూర వేరు పట్టడానికి మట్టే లేదు. వానలకి లైన్ల నీళ్ళు కాలవలోకి పోయే దారిలేక ఇళ్ళలోనే నిలిచాయి. మనవరాలి ఉయ్యాల ఎత్తి కడుతూ, 'ఇది నేనడిగిందే' అనుకుంది మంగాదేవి.

గోడ ఆగిన చోట, కాస్త ఎగువన, ఇంకా మట్టిగట్టు మిగిలింది. పొదలూ, లకుముకి పిట్టలూ అక్కడే. ఈసారి దుర్గాపూజలకి ముందు లారీలొచ్చి ఇటుక ముక్కలు పోస్తుంటే ఆమె పరుగెత్తింది. అపార్ట్‌మెంట్లు, వాటి చుట్టూ ప్రహరీ గోడ కడతారట.

"దాదా, ఆ ఒడ్డొక్కటీ ఒగ్గేయండి. మీ గోడ ఎనక్కి జరుపుకోండి."

పని చేయిస్తున్న సూపర్‌వైజరు మర్యాదగానే అన్నాడు: "మాసీ, పాములున్నాయని అటువైపు కట్టించుకుంది మీరే కదా? ఇక్కడికొచ్చేవాళ్ళకీ పిల్లలుంటారు."

ఆమె వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి వెంకటేశు పక్కన కూలబడింది.

"అప్పుడే గట్టిగా ఒద్దని ఎందుకన్నేదు?"

"నాకూ భయమేసింది మంగా," అన్నాడతను.

దీపావళిలోపే ఎగువ గట్టూ పూడిపోయింది. లైన్లలో ఎవరూ మంగాదేవిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుణ్ణని ఆమెకి అనిపిస్తుంది.