బహ్రెయిన్ తరపున పరమేష్

పరమేష్ బహ్రెయిన్ దేశం తరపున పంతొమ్మిది అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. ఆ సంగతి శామీర్‌పేటలో తెలిసినవాళ్లు తక్కువ, నమ్మినవాళ్లు ఇంకా తక్కువ.

అతను పుట్టింది ఆ ఊళ్లోనే, చేపలు పట్టుకుని బతికే ఇంట్లో. తండ్రి గాలయ్య తెల్లారేసరికి వల భుజాన వేసుకుని చెరువులోకి దిగేవాడు. ఎండాకాలం నీళ్లు వెనక్కి జరిగితే చెరువు అడుగు నేల నెర్రెలు విచ్చి బండలా గట్టిపడేది. ఊరి పిల్లలు అక్కడే టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవారు. నెర్రెల మీద పడ్డ బంతి ముక్కుకు తగులుతుందో, కాళ్ల సందున జారిపోతుందో దేవుడికే ఎరుక. అందుకే మొదట బ్యాటింగుకు దిగడానికి ఎవడూ ఒప్పుకునేవాడు కాదు. పరమేష్ దిగేవాడు. ధైర్యం ఉండి కాదు, కాదనడం చేతకాక. అలా ఓపెనర్ అయ్యాడు.

ఇంటర్ తప్పాడు. దుండిగల్‌లో కట్టే కాలేజీ బిల్డింగుల్లో కొన్నాళ్లు కూలి పని చేశాడు. పెళ్లయిన ఏడాదికి, 2013లో, ఇరవై అయిదేళ్ల వయసులో బహ్రెయిన్ వెళ్లాడు. అప్పటికి భార్య శైలజ ఆరు నెలల గర్భిణి.

అక్కడ పని గోదాములో. కంటెయినర్లలోంచి సరుకు దించడం, లారీలకు ఎక్కించడం. శుక్రవారం సెలవు. ఒక శుక్రవారం కంపెనీ జట్టుకు ఒక మనిషి తక్కువయ్యాడు. సూపర్‌వైజరు గదుల వెంట తిరుగుతూ అడిగితే, అక్కడ కూడా పరమేష్ కాదనలేకపోయాడు.

గడ్డిపోచ లేని ఇసుక మైదానం. మధ్యలో సిమెంటు పిచ్, దాని మీద మేకులు కొట్టి పరిచిన మ్యాట్. బంతి మ్యాట్ మీద పడి రివ్వున లేచేది. పరమేష్‌కు మాత్రం అది మర్యాదస్తురాలిలా అనిపించింది. చెరువు నెర్రెల మీదిలా పక్కకు తిరగకుండా, పడ్డచోటి నుంచి సూటిగా లేస్తుంది కదా! ఆ రోజు నలభై కొట్టాడు. ఆ తరువాత ఆరేళ్లపాటు ఒక్క శుక్రవారం వదల్లేదు. మూడేళ్లు నివాసం ఉన్నవాళ్లు ఆ దేశం జట్టుకు ఆడవచ్చని నియమం ఉందని అతనికి చాలా ఆలస్యంగా తెలిసింది. 2019లో పిలుపు వచ్చింది. అప్పటికి ముప్పై ఒకటి.

ఇంటికి ఫోన్ చేశాడు.

“నాయినా, నన్ను దేశం టీములకు తీసుకున్నరు.”

“ఏ దేశం రా?” అన్నాడు గాలయ్య.

“బహ్రెయిన్.”

“ఏం, గక్కడోళ్లకు ఆడరాదా?”

“గాళ్లు ఫుట్‌బాల్ ఆడుతరే.”

“మరి పని ఇడిసిపెడ్తవా?”

“పని పనే. లీవు పెట్టుకొని ఆడాలె.”

“మంచిదే తియ్యి. ఎండల పైలం బిడ్డా,” అని గాలయ్య ఫోను పెట్టేశాడు.

మొదటి మ్యాచ్ రోజు జట్టంతా వరసగా నిలబడితే జాతీయగీతం వేశారు. పరమేష్ పెదవులు కదిపాడు. ఒక్క ముక్క రాదు. ఛాతీ మీద ఎర్ర అంచు చొక్కా, ఎదురుగా దాదాపు ఖాళీ కుర్చీలు. ఇది నిజంగా నాకే జరుగుతున్నదా అనుకున్నాడు. రెండో బంతికే ఎల్బీ అయ్యాడు. సున్నా.

ఆ జట్టులో అతనికి దగ్గరైనవాడు తౌసీఫ్. సియాల్‌కోట్ మనిషి, ట్రెయిలర్ డ్రైవరు, అవతలి వైపు ఓపెనర్. పరుగు వద్దన్నప్పుడు పరమేష్ నోట అలవాటుగా తమ వైపు ఉర్దూలో “నక్కో” అని వచ్చేది. తౌసీఫ్ పడి పడి నవ్వేవాడు. “ఇదెక్కడి ఉర్దూ?” అని వెక్కిరించి వెక్కిరించి, చివరికి తానూ “నక్కో, నక్కో” అని అరవడం మొదలుపెట్టాడు. ఇద్దరూ ఉండే కూలీల క్యాంపులు నగరానికి చెరో కొసన ఉండేవి. బయట కలిసి టీ తాగింది కూడా తక్కువే. కానీ ఓవరుకూ ఓవరుకూ నడుమ పిచ్ మధ్యకు వచ్చి గ్లవ్స్ తాటించుకునే ఆ అర నిమిషంలో, పరమేష్ ఎవరికీ చెప్పనివి అతనికి చెప్పేవాడు. కూతురు దీప ఫోన్లో తనను ‘ఎవరు’ అని అడిగిందని ఒకసారి అలాగే చెప్పాడు. తౌసీఫ్ తరువాతి ఓవరంతా పరమేష్‌కు బంతి రానీయకుండా స్ట్రయిక్ తనే ఉంచుకున్నాడు.

మలేషియాలో జరిగిన టోర్నీలో పరమేష్ అరవై ఒకటి కొట్టాడు. నలభై నాలుగు బంతులు. ఇంకా తొమ్మిది పరుగులు కావాల్సి ఉండగా అవుటయ్యాడు, జట్టు గెలిచింది. అదే ఆఖరి మ్యాచ్. మర్నాడు మధ్యాహ్నానికి అందరూ బహ్రెయిన్ తిరిగి వచ్చారు. క్యాంపు గదిలో మిగతా అయిదుగురూ డ్యూటీకి పోయి ఉన్నారు. పరమేష్ కిట్టు బ్యాగు మంచం కింద తోసి, వాళ్లు పొద్దున వండి పెట్టిన అన్నంలో పెరుగు కలుపుకుని తిన్నాడు. ఆ తరువాత శైలజకు ఫోన్ చేశాడు.

“అరవై ఒకటి కొట్టిన.”

“అంటే, శానానా?”

“శానే.”

“మంచిగైంది. మల్ల మాట్లాడుత, దీపకు జెరమొచ్చింది. దవాఖానల లైన్ల ఉన్న.”

“పోయి సూపియ్యి, జల్దీ పో,” అన్నాడు. సాయంత్రం గదిలోవాళ్లు వచ్చి టూరు ఎట్లా జరిగిందని అడిగారు. బాగా జరిగిందన్నాడు.

2023లో ప్రకటించిన జట్టులో అతని పేరు లేదు. తప్పు ఎవరిదీ కాదు. ముప్పై అయిదు దాటాయి, చివరి ఆరు ఇన్నింగ్స్‌లో ఇరవై దాటలేదు. గోదాములో పెట్టెలు సర్దుతుంటే జేబులో ఫోను రెండుసార్లు అదిరింది. మొదటిది జట్టు జాబితా. రెండోది, ఆటగాళ్ల వాట్సాప్ గ్రూపులోంచి తనను తీసేశారన్న కబురు. పెట్టెలు ఇంకా ఉన్నాయి, సర్దాడు. తౌసీఫ్ మాత్రం ఒక వాయిస్ మెసేజి పంపాడు. అందులో మాటలు లేవు. గొంతు సవరించుకున్న చప్పుడు, లారీ ఇంజను చప్పుడు, అంతే. ఏడాదికి కంపెనీ మనుషులను తగ్గించింది. పరమేష్ ఇంటికి వచ్చేశాడు.

ఇప్పుడు సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక క్రికెట్ అకాడమీలో పని. బంతులు విసిరే యంత్రం దగ్గర నిలబడి, ఒక్కొక్క బంతీ అందులో వేయాలి. అవి ఆడేవాళ్లు అపార్టుమెంటు పిల్లలు. వాళ్లలో నవ్యశ్రీ అని పద్నాలుగేళ్ల అమ్మాయి బాగా ఆడుతుంది. ఆమె తండ్రి చక్రపాణి గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ బ్యాంకు ఉద్యోగి. ఒక ఆదివారం ఆయన మాట కలిపాడు.

“మీరు ఎక్కడిదాకా ఆడారండీ?”

“ఇంటర్నేషనల్ ఆడిన సార్.”

చక్రపాణి జోక్ అనుకుని నవ్వాడు. పరమేష్ నవ్వలేదు. దేశం పేరు చెప్పాడు. ఆయన ఫోన్ తీసి వెతికాడు. అతని వివరాల పేజీ దొరికింది. మ్యాచ్‌లు పంతొమ్మిది, పరుగులు మూడు వందల పద్దెనిమిది, అత్యధికం అరవై ఒకటి. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు మనిషి బొమ్మ.

“అయ్యో, ఇంత ఆడి ఇక్కడ బంతులు వేస్తున్నారేంటండీ!” అన్నాడు చక్రపాణి.

ఆయన మంచిమనసుతోనే అన్నాడు. ఎవరికీ తెలియకుండా ఉన్నన్నాళ్లు ఆ పరుగులు పరమేష్‌కు బరువనిపించలేదు. ఇప్పుడు ఒకరు చూశారు, చూసి జాలిపడ్డారు. “గదేం లేదు సార్,” అని అతను యంత్రంలో బంతి వేశాడు.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చాక, వంటింట్లో ఉన్న శైలజను పిలిచాడు. “నేనాడింది ఒకటి ఫోన్ల ఉంది. సూస్తవా?”

అడిగినందుకు అతనికే సిగ్గేసింది. శైలజ చేతులు తుడుచుకుని వచ్చి పక్కన కూర్చుంది. మలేషియా మ్యాచ్ అది. ఒకే కెమెరా, ఎక్కడో దూరాన పెట్టింది. మనుషులు చీమల్లా కనిపిస్తున్నారు.

“ఇద్దరిట్ల నువ్వేడున్నవ్?”

“ఎడమ దిక్కు.”

ఆమె ఇక లేవలేదు. పొయ్యి మీది పప్పు అడుగంటిన వాసన వస్తే పోయి కట్టేసి మళ్లీ వచ్చింది. బంతి గీత దాటినప్పుడల్లా “గిది నువ్వేనా?” అని అడిగింది. ఫోర్లన్నీ, రెండు సిక్సులూ చూసింది. అతను అవుటై, బ్యాటు చంకలో పెట్టుకుని, ఆ పెద్ద మైదానంలో ఒక్కడే బయటికి వస్తున్నాడు. చాలాసేపు నడిచాడు. చప్పట్లు ఎక్కడో రెండు చేతులవి వినిపించాయి.

“గింతగనం కొట్టినవ్ గద,” అంది శైలజ, తెర మీంచి కళ్లు తిప్పకుండా. “నీకు ఎవ్వరు ఎదురు రాలేదా?”

“తర్వాత ఆడెటోడు వస్తడు. గంతే.”

ఆమె ఫోను అతని చేతిలోంచి తీసుకుని, ఆటను మొదటికి జరిపి, మళ్లీ పెట్టింది.