మాబు సాబు కత్తి, గడ్డకట్టని నెత్తురు

1956లో నేను ఆళ్లగడ్డ పశువుల ఆసుపత్రిలో డాక్టర్ని. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక వరండా, ముందు ట్రెవిస్. ఎద్దు కదలకుండా నిలబెట్టే కొయ్య చట్రాన్ని ట్రెవిస్ అంటారు. గాలికుంటు, కడుపుబ్బరం, కాడి పుండ్లు, రోజూ ఇదే పని. కుక్కకు కూడా వైద్యం చేస్తారంటే జనం నవ్వేవాళ్లు. నాకు మాత్రం కుక్కల మీద పెద్ద శ్రద్ధ ఉండేదా? వాటి గురించి మద్రాసులో చదివిందంతా పరీక్షలు కాగానే అటకెక్కింది.

ఒకరోజు పొద్దున్నే శిరివెళ్ల దారిలోని ఒక ఊరి నుంచి నారపరెడ్డి బండి కట్టించుకుని వచ్చాడు. ఆ ఊళ్లో పెద్ద సేద్యం ఆయనది. తువ్వాలలో చుట్టిన కుక్కపిల్లను బల్ల మీద పెట్టాడు. తువ్వాలంతా నెత్తురు. నల్లమల అంచు చేలకు అడవిపందుల బెడద ఎక్కువ కాబట్టి ఆయన కాపలాకు వేటకుక్కల్ని పెంచేవాడు. పంది చెవి పట్టి చీల్చకుండా పిల్లగా ఉన్నప్పుడే చెవులు కోయించడం అక్కడి వాడుక.

"నిన్న పొద్దున కోయిస్తి. నెత్తురు నిలిచిపాయె. మాపటికి మళ్లా మొదలాయె" అన్నాడు రెడ్డి.

కుట్లు వేశాను. గుడ్డ బిగించి కట్టాను. సూది దిగిన చోటల్లా కూడా నెత్తురు ఊరుతూనే ఉంది. అక్కడ ఆగి ఆలోచించి ఉండాల్సింది. మధ్యాహ్నానికి పిల్ల చచ్చిపోయింది.

"ఏందప్పా కారణం? పోయినేడు గూడా ఈ తల్లి పిల్లలే రెండు ఇట్ల పాయె" అన్నాడు.

"కోసినోడు లోతుగా కోసినాడు రెడ్డీ. నరం తెగింది" అన్నాను. చేతులు కడుక్కుంటూ, వెనక్కి తిరిగి కూడా చూడకుండా అన్న మాట అది.

కోసినవాడు మాబు సాబు. ఎద్దుల గిట్టలకు లాడాలు కొట్టడం ఆయన వృత్తి. చెవులు కోయడం దారిన పోతూ చేసిపెట్టే పని. శిరివెళ్ల నుంచి చాగలమర్రి దాకా పల్లెలన్నీ కాలినడకన తిరిగేవాడు. అరవై దగ్గరపడిన మనిషి, సన్నగా, మెడలో రుమాలుతో ఉండేవాడు. నా మాట రెడ్డి నోట ఊళ్లోకి, అక్కడి నుంచి సంతలోకి, సంత నుంచి పల్లెలకు పోయింది. పోతూ పోతూ పెరిగింది కూడా. నేను నరం తెగిందన్నాను. జనం మాబు సాబు చెయ్యి మంచిది కాదన్నారు.

నెల తిరక్కుండానే ఆయన ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో రుమాలు పరిచి దాని మీద తన కత్తి పెట్టాడు.

"చూడు సార్. తుప్పుందా, గాటుందా?"

చూశాను. నా ఆపరేషన్ కత్తుల కన్నా శుభ్రంగా ఉంది.

"అదే దినం అదే ఊర్లో ఇంగొకరింట్లో మూడు పిల్లలకు కోసినా. అవి ఎగర్లాడుతాండాయి. ఒకే కత్తి, ఒకే చెయ్యి. ఒకటి సస్తే నా చెయ్యి చెడ్డదాయె. మూడు బతికినాయే, అదెవురి చెయ్యి?"

ఆయన కత్తిని రుమాలులో చుట్టుకున్నాడు.

"బండ్లు తోలే కాలమొచ్చె సార్. ఒక్కడు గూడా ఎద్దును పట్టియ్యడంల్యా. నేను కనపడితే కొట్టంలోకి తోలుకుపోతాండారు. ముప్పై ఏండ్లు కొట్టిన చెయ్యప్పా ఇది!"

ఆయన గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది, నేనూ రెండు మాటలు అని తప్పించుకునేవాణ్ని. నాకు చాలా సిగ్గేసింది. ఆ ఈతలో మిగిలిన పిల్లలు ఉన్నాయా అని అడిగాను. ఒక మగది రెడ్డి ఇంట్లోనే ఉందట. మొదటిది చచ్చాక భయపడి దీని చెవులు కోయించలేదు. ఆడవి రెండు గొర్రెల మందకు పోయాయి. ఈతకని అట్టిపెట్టుకునే తల్లిని తప్ప ఆడ కుక్కల్ని కాపలాకు ఉంచుకోరు కాబట్టి వాటి చెవులు కోయరు.

ఈ చివరి మాట దగ్గర నా బుర్ర కాస్త కదిలింది. కత్తి పడేది మగవాటికే. చచ్చేదీ మగవే. ఇందులో ఎవరికీ వింత కనిపించకపోవడం సహజమే కదా! కానీ చంపుతున్నది కత్తా, మగపుట్టుకా?

మర్నాడు రెడ్డి ఇంటికి వెళ్లాను. మగ కుక్కపిల్ల కుంటుతోంది. ముందుకాలి మోకాలు నిమ్మకాయంత వాచింది. "అరుగు మీంచి దూకినాడు, అంతే" అన్నాడు రెడ్డి. దూకితే కీలులోకి నెత్తురు దిగిందంటే, కత్తి తగలకుండానే ఈ పిల్ల నెత్తురు కారుస్తోందన్నమాట. హీమోఫీలియా అని పుస్తకంలో చదివింది అప్పుడు అటక దిగింది. నెత్తురు గడ్డకట్టని పుట్టుకలోపం అది. తల్లి పైకి బాగానే ఉండి మోస్తుంది, కొడుకుల్లో కొందరిలో బయటపడుతుంది.

అనుకున్నంత మాత్రాన చాలదు, చూపించాలి. క్లాటింగ్ టైమ్ అనే పరీక్ష ఉంది. జడకుచ్చు పోగంత సన్నని గాజుగొట్టంలో నెత్తురు నింపి, అర నిమిషానికోసారి కొంచెం కొంచెం విరుస్తూ పోవాలి. విరిచిన ముక్కల మధ్య తీగపాకంలాగా సన్నని దారం సాగిందంటే నెత్తురు గడ్డకట్టినట్టు. ఆ గొట్టాలు నా దగ్గర లేవు. బస్సెక్కి నంద్యాల వెళ్లి, మనుషుల ల్యాబులో పనిచేసే స్నేహితుణ్ని అడిగి తెచ్చుకున్నాను.

పరీక్ష ఆసుపత్రిలో చేద్దామన్నాను. మాబు సాబు ఒప్పుకోలేదు. "మాట ఊరంతా తిరిగింది సార్. ఊరి ముందరే చూడు. నా తప్పయితే ఈ కత్తి ఆడనే పారేసి పోతా."

రెడ్డి అరుగు ముందు ఇరవై మంది చేరారు. మందలోంచి ఆడ కుక్కపిల్లలను తెప్పించాను. రెండింటి నెత్తురూ నాలుగైదు నిమిషాల్లో దారం సాగింది. జనాన్ని దగ్గరికి పిలిచి చూపించాను. తర్వాత మగపిల్ల చెవి అంచున సూదితో ఒక్క పోటు పొడిచాను. అనుకున్నదే నిజమైతే ఆ చుక్క కూడా ప్రమాదమే. నిజం కాకపోతే మాబు సాబు పని ఆ అరుగు ముందే ముగిసిపోతుంది.

ఐదు నిమిషాలైంది. విరిచాను, దారం లేదు. పది నిమిషాలు, పదిహేను. గొట్టాలన్నీ అయిపోయాయి. గాజుపలక మీద వేసి ఉంచిన చుక్కను అరగంటకు వంచి చూపిస్తే నీళ్లలాగా జారింది.

"మా కుక్క నెత్తురులో లోపమంటావా?" రెడ్డికి రోషం వచ్చింది. "దీని తల్లి చెవులు కోయకున్నా రెండు పందుల్ని పడేసింది!"

"తల్లికి ఏం కాదు రెడ్డీ. కొడుకులకే వస్తాది. ఈ ఆడ కుక్కపిల్లలు గూడా మోస్తాండొచ్చు. ఇంక ఈనియ్యొద్దు."

"మరి ఆ పొద్దు నరం తెగిందంటివే?"

ఇరవై మందీ నా వైపు చూశారు. "తప్పు చెప్పినా. చూడకుండా చెప్పినా" అన్నాను.

ఇంతలో పిల్ల చెవి నుంచి నెత్తురు మళ్లీ ఊరడం మొదలైంది. నేను పెట్టె తెరిచేలోపే మాబు సాబు కూర్చుని, పిల్లను ఒళ్లో వేసుకుని, దూది పెట్టి చెవిని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. నలపొద్దు, వదలొద్దు అన్నాను. గంటన్నర అట్లాగే కూర్చున్నాడు. వేళ్లు తీసేసరికి నెత్తురు నిలిచింది. రెడ్డి లోపలికి వెళ్లి మజ్జిగ చెంబు తెచ్చి, తానే మాబు సాబు చేతికిచ్చాడు.

దాంతో అయిపోయిందనుకున్నాను. మాబు సాబు అనుకోలేదు. ఊరు దాటాక అన్నాడు: "నువ్వు ముందు చెప్పిన మాట చాగలమర్రి దాకా పోయింది సార్. ఈ మాట ఈ అరుగు కాడే ఉంది. దీన్ని గూడా ఆడిదాకా నువ్వే మోయల్ల."

అప్పటి నుంచి క్యాంపులకు పోయినప్పుడల్లా ఆయన్ను వెంటబెట్టుకుని పోయాను. కొన్ని ఊళ్లు విన్నాయి. కొన్ని వినలేదు. కారణం తెలియనప్పుడు తెలియదని చెప్పడం నేను ఆ తిరుగుళ్లలోనే నేర్చుకున్నాను. అప్పటిదాకా ఆ మాట అంటే డాక్టరుకు చిన్నతనమనుకునేవాణ్ని.

చాగలమర్రిలో ఒక రైతు ఎద్దుల పగ్గాలు వదలకుండా నన్ను పక్కకు పిలిచాడు.

"ఈ సాబు చెయ్యి మంచిది కాదంట గదా సార్?"

"ఎవురు చెప్పినారు?"

"యాడనో ఆళ్లగడ్డ డాక్టరంట."

"ఆ డాక్టర్ని నేనే" అన్నాను.

రైతు నన్ను చూశాడు, మాబు సాబును చూశాడు. పగ్గం నా చేతికిచ్చి, ఎద్దును పడవేయడానికి తాడు తెచ్చాడు. దాని తల నేను పట్టుకున్నాను. మాబు సాబు లాడాలు కొట్టాడు.