మాస్టారి పాటలో నా వంతు

డాలీగంజ్‌లో మా పక్కింటి మాస్టారు ఆదివారం ఉదయం గుండెపోటుతో పోయారు. మన తెలుగు సంఘం గ్రూపులో మీలో ఒకరు ‘కంప్యూటర్లు రిపేరు చేసే మాస్టారు ఇక లేరు’ అని రాశారు. తప్పు. ఆయన లెక్కల మాస్టారు. జీవితంలో ఒక్క కంప్యూటరూ బాగుచెయ్యలేదు, రెండు పాడుచేశారని వాళ్లావిడే చెబుతుంది. రిటైరయ్యాక కంప్యూటర్లో పాటలు రికార్డు చేసుకునేవారు, అంతే.

వాళ్లమ్మ శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి జంగ్లీఘాట్ రేవులో చేపలమ్మిన మనిషి. ఆవిడ పాడుకున్న పాట ఒకటి ఈయనకు మాత్రమే వచ్చు. అందులో ఒకరు అడుగుతారు, ఇంకొకరు బదులు చెబుతారు. అడిగే చరణాలు తాను పాడి, బదులు నన్ను పాడమన్నారు. నా గొంతు బాగుంటుందని కాదు, ఆటో ఎక్కి రానక్కర్లేదని.

మొదటి రోజే తగువు. నేను పాడిన మాట ఇయర్‌ఫోన్లో కాస్త ఆలస్యంగా వినిపించేది. ఈ దీవుల నుంచి మెయిన్‌లాండ్‌కు ఫోను చేసి, ఒక మాట అని, అది అవతలికి చేరేదాకా ఆగడం మనందరికీ ఏళ్ల అలవాటు. పాటలోనూ అదే చేశాను. ఒక మాట పాడి, అది చెవికి వచ్చేదాకా ఆగేదాన్ని.

“ఏటి దీదీ, వైజాగు ఫోను చేస్తన్నారా? ఆగకండి, పాటతో నడిసెయ్యండి.”

“మీ డబ్బా వెనకబడితే నన్నంటారేం మాస్టారూ?”

“డబ్బా సంగతి నాకొదిలెయ్యండి. ఆలస్యం నేను సూసుకుంటాను.”

చూసుకున్నారు. ముందు నా వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు పీకేసి, తీగ ఉన్నవి పెట్టారు. కంప్యూటర్లో మిగతావన్నీ మూసి, నెట్ ఆపి, వాళ్లావిడ సీరియల్ కూడా ఆపించారు. సీరియల్‌తో కంప్యూటరుకు ఇబ్బంది లేదు, మాకుంది. తర్వాత బఫర్ అనేదాన్ని, అంటే కంప్యూటరు ఒక్కో విడతకు మోసే శబ్దాన్ని, తగ్గించారు. ఆలస్యం తగ్గింది, చెవిలో చిటపటలు మొదలయ్యాయి.

“రేవులో చేప మొయ్యడమే దీదీ. చిన్న గంపైతే జల్దీ వొస్తాది. కానీ మోసేవోడికి ఊపిరాడదు, మజ్జిలో జారిపోద్ది. ఆ చిటపటలు అయ్యే. పెద్ద గంప జారదు, లేటవుద్ది.”

అందుకే పాడేటప్పుడు చిన్న గంప, పాడినదాన్ని దిద్దుకునేటప్పుడు పెద్ద గంప. నేను ఎం.ఏ. చదివాను. ఇంత తేటగా పాఠం చెప్పినవాళ్లు అక్కడ లేరు.

ఆయన చరణాలు పూర్తయ్యాయి. నావి మొదటిది దాటలేదు. తీరిక లేదన్నది నేనే. పదకొండో రోజున పాట మొత్తం వినిపించమని వాళ్లావిడ అడిగింది. అది వచ్చే బుధవారం.

నిన్న వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను. చిన్న గంప పెడితే మాస్టారి గొంతు ముక్కముక్కలుగా తెగింది. వాళ్లావిడ లేచి లోపలికి వెళ్లిపోయింది. పెద్ద గంప పెడితే ఆయన నిండుగా పాడారు, నేను వెనకబడ్డాను. ఆయన గొంతుకు చేర్చిన ప్రతిధ్వని లాంటి హంగులన్నీ కలిపి ముందే ఒక్క ట్రాకుగా దించేస్తే కంప్యూటరుకు బరువు తగ్గుతుందని ఒకసారి చెప్పారు. ఎలా దించాలో గుర్తు లేదు. తప్పు మీట నొక్కితే ఆ గొంతే చెరిగిపోతుందేమో. మౌసు మీద చెయ్యి పెట్టి గంటసేపు కూర్చున్నాను. స్క్రీను మీద మాస్టారు ఆకుపచ్చ గీతగా ఉన్నారు, ఎగుడుదిగుడుగా, కదలకుండా.

సంతాపాలు అందాయి. ఇప్పుడు కావలసింది పెన్‌డ్రైవ్. ఎవరైనా ఒకరు రేపు పదిగంటలకు మాస్టారింటికి తెచ్చివ్వండి. ఖాళీది తేవాలి, పెళ్లి ఫోటోలున్నది వద్దు. ముందు ఆయన గొంతు దాంట్లోకి కాపీ చేశాకే నేను ఏ మీటైనా ముట్టుకుంటాను. గేటు గొళ్లెం బిగుసుకుంటుంది, కాస్త పైకెత్తి తొయ్యండి. బెల్లు కొట్టకండి. ఆవిడ పొద్దుటిపూటే కాస్త కునుకు తీస్తోంది.