అమ్మ కదలకుండా పడుకున్న పొద్దు

పొద్దున ఆరూ ఇరవైకి పక్కింటి అత్త, పాలు తోడేసుకోవడానికి ఇంత పెరుగు అడుగుదామని గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చింది. బోధన్‌లో మా వీధిలో ఇది రోజూ జరిగేదే. ఆ రోజు మాత్రం ముందుగదిలో చాప మీద మా అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. మెడ దాకా తెల్ల దుప్పటి. తల మీద అద్దంలాంటి ప్లాస్టిక్ డొప్ప. దానికి ఒక గొట్టం.

ఆ డొప్పను తెచ్చింది మా అక్క. నిజామాబాద్‌లో డాక్టర్ చదువు చదివే పిల్లలకు ఫిజియాలజీ చెబుతుంది, ఒంట్లో కొవ్వు చేసే పనుల మీద పరిశోధన చేస్తుంది. కొవ్వంటే నడుముకు కట్టుకున్న మూట కాదని, అది రక్తంలోకి కబుర్లు పంపుతుందని, ఎంత తినాలో ఎంత ఖర్చు పెట్టాలో మెదడు వాటిని బట్టే తేల్చుకుంటుందని అన్నం దగ్గర కూర్చున్నప్పుడు వివరించేది. నేను సగమే వినేవాణ్ణి. అమ్మ మాత్రం మొత్తం వినేది. ఆమెకు అవసరం ఉంది.

అమ్మ లావుగా ఉండేది. తినేది తక్కువ. "నీళ్లు దాగినా నా ఒంటికి వడ్తది" అనేది. అత్త నమ్మేది కాదు. పెళ్లిళ్లలో, బస్సులో, నలుగురు ఎక్కడుంటే అక్కడ "వదినె గుట్టుగ తింటది" అని చెప్పేది. ఎదురుగానే అడిగేది కూడా. "గా నీళ్లల్ల ఏం గల్పుకుంటవో జర జెప్పు వదినె, నేను గూడ దాగుత." అందరూ నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది. ఇంటికి వచ్చాక అన్నం తినేది కాదు.

కదలకుండా ఉన్నప్పుడు ఒళ్లు ఎంత ఖర్చు పెడుతుందో ఊపిరిని బట్టి కొలిచే మిషన్ ఉందని అక్క ఒకసారి నోరు జారింది. అమ్మ పట్టుకుంది. తన ఒళ్లు పొదుపు మనిషని తేలాలి, ఆ కాగితం అత్త ముందు పెట్టాలి. దొంగతిండి సంగతి మిషన్ తేల్చదని అక్క చెప్పి చూసింది. చివరికి అనుమతి తీసుకుని తెచ్చింది. రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేయాలి. కొలవడం పూర్తయ్యేదాకా చాయ్ తాగకూడదు, నిద్రపోకూడదు, కదలకూడదు. గదిలో ఎవరూ మాట్లాడకూడదు.

అత్త గుమ్మంలో ఆగింది. అక్క మిషన్ మీంచి కళ్లు తిప్పకుండా పెదవుల మీద వేలు పెట్టింది. నేను వెళ్లిపొమ్మని రెండు చేతులూ ఊపాను. అంతా అయిపోయిందని చెబుతున్నాననుకుంది.

గిన్నె కింద పడింది.

"అయ్యో వదినె! రాత్రే గదనే నాతోని మాట్లాడితివి! గప్పుడే అద్దాల పెట్టెల వెట్టిండ్రా నిన్ను!"

మా వైపు, పోయినవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల సంగతులు చెప్పుకుంటూ ఏడుస్తారు. అత్తకు అందులో పేరుంది, పక్క వీధుల వాళ్లు కూడా పిలుచుకుపోయేవారు. అమ్మ పాదాల దగ్గర కూలబడి మొదలుపెట్టింది. ఎదురింటి ఆడవాళ్లిద్దరు పరుగున వచ్చి, ఏమైందని అడగకుండానే అందుకున్నారు. "అత్తా, బతికే ఉన్నది" అని అక్క అంటూనే ఉంది. బయట చెరుకు ట్రాక్టర్ పాట పెట్టుకుని పోతోంది. ఎవరికీ వినబడలేదు. మిషన్ మీద అంకెలు పైకి పోతున్నాయి. అమ్మ కళ్లు మూసుకునే ఉంది. దుప్పటి కింద పొట్ట అదురుతోంది. అయినా లేవలేదు. ఆమెకు ఆ కాగితం కావాలి.

అత్త ఏడుపు తిండి దగ్గరికి వచ్చింది.

"ఏం తింటివి వదినె నువ్వు! గుప్పెడు బువ్వ తింటివి! గుట్టుగ తింటదని ఊరంత జెప్తి గదా, నా నోట్లె మన్ను వడ!"

అమ్మ రెండు చేతులతో డొప్ప ఎత్తి పక్కన పెట్టింది.

"గదే మాట మల్ల జెప్పు వదినె. లోపల సరిగ్గ ఇనవడలే."

ఎదురింటి వాళ్లలో ఒకామె వీధిలోకి ఉరికింది. అత్త కదల్లేదు. కొంగుతో మొహం తుడుచుకుని, "బతికుంటె నన్ను ఏడ్వనిస్తివెందుకే?" అంది.

"మంచిగ ఏడుస్తున్నవు. నడుమల ఎందుకు ఆపుడని."

ఆ కొలత పనికిరాలేదు. రేపు పొద్దున బస్సుకు ముందు మళ్లీ కొలుద్దామని అక్క అంది. అప్పటికే అమ్మ రెండు చెంచాల చక్కెర వేసుకుని చాయ్ తాగుతోంది.

"ఇంక అవసరం లేదు. ఆమె ఒప్పుకున్నది."

"గది సైన్స్ గాదమ్మ."

"నలుగురు ఇన్నరు. గంతకంటె ఏం గావాలె?"

ఆ తర్వాత అత్త పెరుగుకు వచ్చినప్పుడల్లా గుమ్మం బయటే ఆగి "వదినె, ఉన్నవా?" అని అడిగేది. "ఉన్న, రా" అని వంటింట్లోంచి అమ్మ అంటేనే లోపలికి అడుగు పెట్టేది. కొన్నిసార్లు అమ్మ కావాలనే ఆలస్యంగా పలికేది.

నిరుడు అమ్మ పోయినప్పుడు కూడా అత్త గుమ్మంలోనే ఆగింది. అడిగింది. కొంచెంసేపు చూసి లోపలికి వచ్చింది. ఈసారి ఏడుపులో తిండి సంగతి ఎత్తలేదు. అది అప్పుడే చెప్పేశానని తర్వాత నాతో అంది.

తోడుకు ఇప్పటికీ మా ఇంటికే వస్తుంది. గుమ్మం దగ్గర ఆగి అడగడం లేదు.