నానీల లైను

మాకిచ్చిన శిక్షణ భూకంపాలది. భూమి కదిలితే బల్ల కింద ఎలా దూరాలో ఢిల్లీ నుంచి వచ్చినాయన స్వయంగా దూరి మరీ చూపించారు. విజయవాడకి వచ్చింది మాత్రం వరద. నీళ్లొచ్చినప్పుడు బల్ల కింద దూరితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. భోజనం బాగుందని మాత్రం అందరం మెచ్చుకుని వచ్చాం.

ఆ శిక్షణ పుణ్యమా అని, పటమటలో ఒక కల్యాణ మండపంలో పెట్టిన సహాయ శిబిరానికి నేను పిల్లల రక్షణ సమన్వయకర్తనయ్యాను. సమన్వయమంటే మామూలు పని కాదు. పొద్దున్నే ఒక సంఘం పులిహోర తెస్తుంది. దాని వెనకాలే ఇంకో సంఘం పులిహోర తెస్తుంది. మధ్యాహ్నం సమావేశం పెట్టుకుని, పులిహోర ఎక్కువైందని అందరం ఏకగ్రీవంగా ఒప్పుకుంటాం. సాయంత్రం మళ్లీ పులిహోర వస్తుంది. పసిపిల్లలకి పాలు కావాలని వాట్సాప్ గ్రూపులో పెడితే దణ్ణం పెట్టే బొమ్మలు వచ్చాయి.

అలాంటి చోటికి ట్రాక్టర్లో ఓ పాప ఒంటరిగా వచ్చింది. మూడేళ్లుంటాయేమో. పడవ దిగిన చోట తోపులాటలో ట్రాక్టరు కదిలిపోయిందట, పాప తాలూకు మనుషులు కిందే ఉండిపోయారట. పేరడిగితే చెప్పదు. ఏడుపు మధ్యలో ఒకటే మాట, "నానీ". సాయంత్రంలోగా ఎవరూ రాకపోతే వేరే ఊళ్లోని శిశుగృహానికి పంపాలన్నారు. వ్యాను కూడా వచ్చి గేటు దగ్గర ఆగింది. పాప ఒకసారి ఊరు దాటిందంటే, ఇల్లు మునిగి, ఫోను తడిసి, కట్టుబట్టలతో ఉన్న వాళ్లు దాన్ని ఎక్కడని వెతుక్కుంటారు?

అప్పుడు వచ్చారు మా డివిజన్ నాయకుడుగారు, మెడలో కండువాతో, వెనక ఫోన్లు పట్టుకున్న అనుచరులతో. పిల్లల ఫోటోలు తీయరాదని నేను గోడకి అంటించిన కాగితం ముందే నిలబడి, పాపని ఎత్తుకుని ఫోటో దిగారు. పాప గుక్కపట్టి "నానీ!" అంది.

"నానీ అంటే వాళ్లన్నయ్య అయ్యుంటాడమ్మా. మా అక్క కొడుకూ నానీయే," అని తేల్చేశారాయన.

కృష్ణా జిల్లాలో ఇంటికో నాని ఉంటాడు. మా ఇంట్లోనే ఇద్దరున్నారు. కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. మైకు కట్టిన ఆటో వీధులన్నీ తిరిగింది. "నానీ! నానీ ఎక్కడున్నా వెంటనే కల్యాణ మండపానికి రావలెను! పాప ఏడుస్తోంది!"

వచ్చారు నానీలు. ఇంజనీరింగ్ చదివే నానీలు, బజ్జీల బండి నాని, బట్టతల నాని. ఒక పెద్దాయనైతే మనవణ్ణి స్కూటరు మీద తెచ్చి, "వీడూ నానీయేనండీ. మా ఇంటికి నీళ్లేం రాలేదనుకోండి. పిలిచారు కదా అని తెచ్చా," అన్నాడు. అందరినీ వరసలో నిలబెట్టి పాపకి చూపించాం. ఒక్కో నానీని చూసినప్పుడల్లా అది ఇంకాస్త ఏడ్చింది. వచ్చినవాళ్లని ఊరికే పంపడం మర్యాద కాదు గనక పులిహోర పెట్టి పంపాం. ఆ ఒక్క రోజే పులిహోర చెల్లిపోయింది.

ఆ వరసలోకి మోకాళ్లదాకా బురదతో, నల్ల బురఖాలో ఒక ముసలావిడ దూరబోయింది. వాలంటీరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మామ్మగారూ, భోజనాలు అటండీ. ఇది నానీల లైను."

"నేనే నానీని బాబూ," అందావిడ ఆయాసపడుతూ. "దాని అమ్మమ్మని. మేం నానీ అనే అంటాం. నన్ను ఆ పక్క స్కూల్లో దింపారు. మైకులో పిలిచారని పరిగెత్తుకొచ్చా."

పాప నా చంకలోంచి దూకినంత పని చేసి ఆవిడ మెడ పట్టుకుంది. పట్టుకుని ఏడుస్తూనే ఉర్దూలో చెడామడా తిట్టింది. మాటలే రాని పిల్లేమో అని పొద్దున మేం చర్చించుకున్నది దీని గురించే. వాళ్ల వీధివాళ్లు శిబిరంలోనే ఉంటే పిలిపించి, ఆవిడ అమ్మమ్మేనని రూఢి చేసుకున్నాను. వ్యానుని పంపించేశాను. సమన్వయకర్తలు ఏడవకూడదని శిక్షణలో చెప్పారు గానీ, నాకు ఏడుపు ఆగలేదు.

నాయకుడుగారు టీ తాగి వచ్చేసరికి ఇదంతా అయిపోయింది. ఒక్క ఫోనులోనూ పడలేదని తెలిసి చాలా నొచ్చుకున్నారు.

"అమ్మా, మీరోసారి గేటు దాకా వెళ్లి మళ్లీ పరిగెత్తుకుంటూ రండి. పాపని ఇటివ్వండి, నా చేత్తో నేనే మీకు అప్పగిస్తా," అని రెండు చేతులూ చాపారు. ఫోన్లు పైకి లేచాయి.

ఆవిడ పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుంది.

"పడవ దిగిన చోటా ఇలాగే అన్నారు సార్. పాపని ఇటివ్వమ్మా, ముందు దాన్ని ట్రాక్టరెక్కిస్తా అన్నారు. ఇచ్చాను. ఇంక ఎవరికీ ఇవ్వను."